మూడా, ఏడా?

"కళింగపట్నం రేవులో మూడో నెంబరు ప్రమాద సూచిక ఎగురవేశారు. మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు."

విశాఖపట్నం ఆకాశవాణిలో ఈ మాటలు వచ్చే రోజుల్లో మా అరుగు మీద కాలు పెట్టడానికి చోటుండేది కాదు. సోంపేట నుంచి బారువ వెళ్ళే దారికి కొంచెం లోపలగా మా ఊరు. నాన్నకి కొబ్బరికాయల వ్యాపారం, వీధి గదిలో చిన్న కిరాణా కొట్టు. పంచాయతీ రేడియో ఉండేది గానీ అది పలికిన రోజులు తక్కువ. అందుకని ఆశ్వయుజం వచ్చిందంటే రేవు పేట నుంచి వేటకెళ్ళేవాళ్ళు నలుగురైదుగురు రాత్రి వార్తల వేళకి మా ఇంటికి వచ్చేవారు. నాన్న నాలుగు సెల్లుల ట్రాన్సిస్టర్‌ని గూట్లో పెట్టి, తోలు తొడుగు మూత వెనక్కి మడిచి, చెవి దగ్గరగా పెట్టుకుని వినేవాడు. విన్నది వాళ్ళకి గట్టిగా చెప్పేవాడు.

ఆ నెంబర్లు మా పిల్లలందరికీ ఎక్కాల్లాగా వచ్చు. మూడంటే ఈదురుగాలులు, జాగ్రత్త. ఏడంటే తుఫాను ఈ రేవు మీదుగానో, దగ్గర్లోనో తీరం దాటబోతోందని. పదంటే మహా ప్రమాదం. పదకొండు వినడం ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని దానికి అర్థం.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక అక్టోబరు రాత్రి. తూర్పున మబ్బు నల్లగా కమ్ముకుంది, గాలి అప్పుడప్పుడు ఒక్క తోపు తోసి ఆగుతోంది. అరుగు మీద పదిహేను మంది దాకా ఉన్నారు. వార్తల్లో వాయుగుండం గురించి మొదలైంది. గొంతు దగ్గరికి వస్తోంది, దూరం పోతోంది. మధ్యలో మెరుపులకి ఫట్ ఫట్ మని చప్పుడు. "కళింగపట్నం రేవులో..." అన్నాక ఒక్క క్షణం గరగర. తర్వాత "...డో నెంబరు ప్రమాద సూచిక" అని వినిపించింది.

పేట పెద్దాయన లేచి నిలబడ్డాడు. "బాబూ, ఏటన్నాడు? మూడా, ఏడా?"

నాన్న దగ్గర జవాబు లేదు. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. ఆమె దగ్గరా లేదు. మూడుకీ ఏడుకీ తెలుగులో ఉన్న తేడా మొదటి అక్షరం ఒక్కటే. ఆ ఒక్కటీ ఆకాశంలో ఎక్కడో పోయింది. పెద్దాయన ఇంకేమీ అడగకుండా ఏడనే అనుకుని పేటకి వెళ్ళిపోయాడు. ఆ రాత్రంతా వాళ్ళు తెప్పలన్నీ సరుగుడు తోట దాకా మోశారు. వలలు, పిల్లలు, ముసలివాళ్ళు అందరినీ బడికి చేర్చారు. తెల్లారి తెలిసింది, అది మూడే. వాయుగుండం ఒడిశా వైపు పోయింది. ఎవరికీ ఏ నష్టం లేదు. కానీ భుజాల మీద చర్మం లేచిపోయిన ఆ మనుషులు మా కొట్టుకి వచ్చి పసుపు అడిగినప్పుడు నాన్న ముఖం నాకు ఇప్పటికీ గుర్తు.

మూడో రోజు సోంపేట నుంచి మా మేనమావ వచ్చాడు. అమ్మ తమ్ముడు. మిలటరీలో సిగ్నల్స్‌లో పనిచేసి వచ్చి సోంపేట బజారులో చిన్న రేడియో రిపేరు కొట్టు పెట్టుకున్నాడు. ఆయన చొక్కాలో ఎప్పుడూ టంకం పొగ వాసన, గుగ్గిలం వాసన. ఇప్పుడు కూడా ఎక్కడైనా ఆ వాసన తగిలితే నేను ఒక్క నిమిషం ఆగిపోతాను.

నాన్న అడిగింది కొత్త సెట్టు. "దీని పని అయిపోయింది, ఇంకోటి తెచ్చీ" అన్నాడు.

మావయ్య వెనక మూత విప్పి, లోపల చూసి, మళ్ళీ నాన్న వైపు తిరిగాడు. "సెట్టుకేటీ రోగం నేదు బావా. నోరు బాగానే ఉంది. సెవికే ఇనబడ్డం నేదు."

తర్వాత నన్ను దగ్గరికి పిలిచి ఆ చెవిని చూపించాడు. జానెడు కంటే కొంచెం తక్కువ పొడవున్న నల్లటి కడ్డీ, దాని మీద సన్నటి రాగి తీగ చుట్టలు. ఫెర్రైట్ కడ్డీ. విశాఖ వైపు దాని కొస చూపిస్తే గొంతు దాదాపు మాయమైపోతుంది. అడ్డంగా తిప్పితే నిండుగా వస్తుంది. నాన్న ఏళ్ళ తరబడి గూట్లో సుద్దముక్కతో గీసుకున్న గీత సరిగ్గా ఆ అడ్డమే. కారణం తెలియకుండానే ఆయన సరైన చోటు కనిపెట్టుకున్నాడు. మావయ్య ఆ గీత చూసి "బావా, నువ్వే కట్టాల్సింది రేడియో కొట్టు" అన్నాడు. నాన్న నవ్వాడు. ఆ మూడు రోజుల్లో అదే మొదటి నవ్వు.

మరి ఇబ్బంది ఎక్కడ? మా ఊరు విశాఖకి ఇంచుమించు రెండు వందల కిలోమీటర్లు. పగలు పర్వాలేదు. మీడియం వేవ్ తరంగం నేల వెంబడి నడిచి వస్తుంది, ఉప్పునీటి మీద అయితే ఇంకా బాగా నడుస్తుంది. విశాఖ నుంచి మా తీరం దాకా కొంత దారి సముద్రమే. చిక్కంతా రాత్రితోనే. పగలు ఆకాశంలోకి పోయిన తరంగాన్ని పై వాతావరణంలోని ఒక పొర మింగేస్తుంది. పొద్దు గుంకాక ఆ పొర పలచబడిపోతుంది. అప్పుడు పైకి పోయిన తరంగం ఇంకా ఎత్తున ఉన్న పొరకి తగిలి కిందికి దిగి వస్తుంది. ఒకే గొంతు నేల దారినా, ఆకాశం దారినా మా ఇంటికి చేరుతుంది. రెండూ ఒకసారి కలిసి పెరుగుతాయి, ఒకసారి ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. గొంతు తేలి, మునిగి, మళ్ళీ తేలేది అందుకే. ఊరు స్టేషన్‌కి మరీ దగ్గరైనా, మరీ దూరమైనా ఈ బాధ ఇంతగా ఉండదు. మాది సరిగ్గా ఆ మధ్య చోటు.

"మునగడం నేను ఆపలేను" అని మావయ్య మొదటే చెప్పేశాడు. "మునిగినప్పుడు కూడా గరగర కంటే పైనే ఉండేలా సేస్తాను." ఎన్నో పుస్తకాలు చదివాను గానీ రేడియో వినికిడి గురించి ఇంతకంటే సూటైన మాట నాకు ఎక్కడా దొరకలేదు.

మా పెరట్లో రెండు కొబ్బరి చెట్ల మధ్య అరవై అడుగుల రాగి తీగ కట్టాడు. రెండు కొసలకీ కోడిగుడ్డంత పింగాణీ బుడిపెలు, తీగ చెట్టుకి తగలకుండా. కొబ్బరి చెట్టు గాలికి ఎంత ఊగుతుందో మా ఉద్దానం ప్రాంతం వాళ్ళకి చెప్పాలా? బిగించి కడితే మొదటి గాలికే తెగుతుంది. అందుకని ఒక కొసన చిన్న కప్పీ పెట్టి, తాడు దాని మీదుగా కిందికి దింపి, తాడుకి ఒక రాయి వేలాడదీశాడు. చెట్లు దూరంగా వంగితే రాయి పైకి పోతుంది, దగ్గరికి వస్తే కిందికి దిగుతుంది. తీగ ఎప్పుడూ ఒకే బిగువులో ఉంటుంది. మా ఊరి పిల్లలు ఆ రాయి ఎక్కి దిగడం చూడ్డానికే వచ్చేవారు.

నుయ్యి గట్టు పక్కన తడి నేలలో ఆరడుగుల ఇనప గొట్టం దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వేసి ఎర్త్ కట్టాడు. ట్రాన్సిస్టర్‌కి ఏరియల్ తగిలించడానికి చోటు లేదు కదా, ఎలా అని అడిగాను. తొడుగు మీదే, లోపల కడ్డీ ఉన్న చోట, తొడుగున్న తీగని ఆరు చుట్లు చుట్టాడు. ఒక కొస ఏరియల్‌కి, ఒక కొస ఎర్త్‌కి. లోపలి తీగకీ బయటి తీగకీ ఎక్కడా తాకిడి లేదు. అయినా పాట రెట్టింపైంది. నా జీవితంలో భౌతికశాస్త్రం మొదలైంది ఆ ఆరు చుట్ల దగ్గరే.

ఒక్క షరతు పెట్టాడు. "ఉరుము ఇనబడిందంటే ముందు తీగ పీకి ఎర్త్‌కి తగిలించీయాలి అల్లుడా. వార్తలు తర్వాత." దాని కోసం గోడకి ఒక కత్తి స్విచ్ బిగించాడు. దాన్ని వెయ్యడం, తియ్యడం నా పని. ఇంట్లో అంత పెద్ద బాధ్యత నాకు అంతకు ముందు ఎవరూ ఇవ్వలేదు.

రెండేళ్ళు హాయిగా గడిచాయి. తర్వాత మా వీధిలో పిండిమిల్లు వచ్చింది.

మోటారు తిరుగుతున్నంత సేపూ రేడియోలో గొర్రుమనే మోత. సెట్టు తిప్పి దాన్ని తప్పించుకుందామంటే మిల్లు ఉన్నది విశాఖ వైపే. కడ్డీ కొస అటు పెడితే మిల్లూ పోతుంది, విశాఖా పోతుంది. ఏరియల్ తీగ ఎత్తున, తోటలో ఉంది గానీ దాని నుంచి ఇంట్లోకి దిగే తీగ కరెంటు తీగల పక్కగా, మా ఇంటి చూరు వెంబడి వచ్చేది. దారి పొడుగునా ఉన్న చెత్తంతా అది ఏరుకొచ్చేది. అంటే మా చెవి తోటలో ఉన్నా, దాని మెడ వీధిలో ఉన్నట్టే.

ఈసారి మావయ్య విశాఖ వెళ్ళి, ఓడల నుంచి దిగిన పాత సామాన్లు అమ్మే కొట్లో ఒక నల్లటి కేబుల్ చుట్ట తెచ్చాడు. చిటికెన వేలు కంటే సన్నం. ఆర్‌జీ 58 అని దాని ఒంటి మీద అచ్చు వేసి ఉంది. అలాంటి తీగ మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఒక కొస బ్లేడుతో కోసి అందరికీ చూపించాడు. పైన నల్ల తొడుగు. దాని కింద సన్నటి రాగి పోగుల అల్లిక, జడ అల్లినట్టు. దాని కింద తెల్లటి పాలిథిన్. నట్టనడుమ రాగి తీగ.

"ఇది కొబ్బరికాయలాటిదప్పా" అన్నాడు మా అమ్మతో. "పైన పీచు. తర్వాత పెంకు. పెంకు లోపల కొబ్బరి. కొబ్బరి లోపల నీళ్ళు. మనకి కావల్సింది నీళ్ళే. పెంకు బాగుంటే బయట బురద ఎంతున్నా నీళ్ళకి ఏటీ కాదు." ఈ కోయాక్సియల్ కేబుల్ గురించి ఆ తర్వాత నేను ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పాను. ప్రతిసారీ కొబ్బరికాయతోనే మొదలుపెట్టాను.

రాగి అల్లికని తోట దగ్గరే ఎర్త్‌కి కలపాలి. అప్పుడు మిల్లు మోత, ట్యూబులైటు మోత అల్లిక బయటి వైపున పాకి భూమిలోకి పోతాయి. నడుమ తీగలో మన గొంతు మాత్రం ఏమీ అంటకుండా ఇంట్లోకి వస్తుంది. కానీ ఉత్తినే ఏరియల్ తీగని కేబుల్‌కి ముడివేస్తే పనవదు. విశాఖ ప్రసారం తరంగం మూడు వందల మీటర్ల పైన పొడవు. ఇప్పుడు అందరికీ తెలిసిన 927 కిలోహెర్ట్జ్ లెక్కన 323 మీటర్లు. దాంట్లో పావు వంతు తీగ కట్టాలన్నా ఎనభై మీటర్లు కావాలి. మాది అరవై అడుగులు. అలాంటి పొట్టి తీగకి ఇంపీడెన్స్, అంటే తరంగానికి అది పెట్టే అడ్డంకి, చాలా ఎక్కువ, కేబుల్‌దేమో 50 ఓములు. సన్న మూతి సీసాలోకి కడవతో నీళ్ళు వంచినట్టు, పోసిందంతా పక్కకే పోతుంది. మధ్యలో గరాటు కావాలి. పాత రేడియోలోంచి తీసిన ఫెర్రైట్ ముక్క మీద ఒక వైపు ఎక్కువ చుట్లు, ఇంకో వైపు దానిలో మూడో వంతు చుట్లు వేసి ఆ గరాటు తయారుచేశాడు. దాన్ని ఒక హార్లిక్స్ మూతలో పెట్టి, కొవ్వొత్తి కరిగించి నిండా పోశాడు. కేబుల్ కొసని కూడా ఆ మైనంలోనే ముంచాడు. "ఉప్పుగాలికి రాగి బతకదు. గాలి సొరబడకుండా ఉంటే మనకంటే ఎక్కువ కాలం బతుకుద్ది."

అంతా అయ్యాక రేడియో పెట్టారు. నాన్న ముఖం చిన్నబోయింది. గొంతు ఇదివరకటి కంటే మెల్లిగా వస్తోంది. "ఇంత కష్టపడి సౌండు తగ్గించీసినావేట్రా?" అన్నాడు.

"సౌండు సూడకు బావా. మాట సూడు."

నాన్న మరలు తిప్పి సౌండు పెంచాడు. మిల్లు తిరుగుతూనే ఉంది. వీధిలో దాని చప్పుడు మామూలు చెవులకే వినిపిస్తోంది. రేడియోలో మాత్రం లేదు. పొలం కబుర్లు చెప్పే ఆయన ఎరువుల కొలతలు ఒక్కొక్కటీ చెప్తున్నాడు, ఒక్క అంకె కూడా చెదరలేదు. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడకుండా విన్నాడు. ఆ రాత్రి పేట పెద్దాయనకి స్వయంగా కబురు పంపాడు, వచ్చి వినమని.

ఏరియల్ బలం పెంచుతుందనీ, కేబుల్ ఇంకా పెంచుతుందనీ చాలామంది అనుకుంటారు. కేబుల్ ఎప్పుడూ ఏమీ పెంచదు, ఎంతో కొంత తింటుంది కూడా. అది చేసే మేలు శుభ్రంగా ఉంచడం. మీడియం వేవ్‌లో అసలు కావలసింది ఆ శుభ్రమే.

బీఎస్సీకి విజయనగరం మహారాజా కాలేజీలో చేరాను. అక్కడ ఒక పాత పుస్తకంలో ఆలివర్ హెవిసైడ్ గురించి చదివి నేను కుర్చీలోంచి లేచిపోయాను. మావయ్య తెచ్చిన లాంటి తీగకి 1880లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నది ఆయన. రేడియో తరంగాలను కిందికి వంచే పొర ఆకాశంలో ఉండి ఉంటుందని 1902లో ఊహించిన ఇద్దరిలో ఒకరు కూడా ఆయనే. అంటే మా ఇంట్లో "మూడా, ఏడా" అన్న ప్రశ్న తెచ్చిన ఆకాశాన్నీ, దాన్ని తీర్చిన తీగనీ ఒకే మనిషి ఆలోచించాడు. ఆ ఆదివారం సోంపేట వెళ్ళి మావయ్యకి చెప్పాను. ఆయన టంకం కర్ర పక్కన పెట్టి, "పెద్దగా సదువుకున్నాడా?" అని అడిగాడు. పదహారేళ్ళకే బడి మానేశాడని చెప్తే చాలా సంతోషపడ్డాడు. మావయ్య కూడా అంతే చదివాడు.

సెలవుల్లో ఇద్దరం కలిసి షార్ట్ వేవ్‌కి డైపోల్ కట్టాం. 31 మీటర్ల బ్యాండుకి సగం తరంగం, అంటే రెండు వైపులా ఏడున్నర మీటర్ల చొప్పున తీగ, మధ్యలో కేబుల్. ఇది దాని సరైన పొడవు కాబట్టి గరాటు అక్కర్లేదు. నడుమ దాని ఇంపీడెన్స్ దాదాపు 73 ఓములు, కేబుల్‌కి దగ్గరగానే కుదురుతుంది. సిలోన్ ఎంత బాగా వచ్చేదో! 1983 జూన్ 25 రాత్రి మా అరుగు మీద మళ్ళీ చోటు లేదు. మనవాళ్ళు 183కే అయిపోయారని సగం మంది లేచి వెళ్ళిపోయారు. వెస్టిండీస్ 140కి ముగిసేసరికి వెళ్ళినవాళ్ళందరూ పరుగున తిరిగొచ్చారు. ఇంగ్లీషు వ్యాఖ్యానం సగం మందికి అర్థం కాకపోయినా, జనం హోరు అందరికీ అర్థమైంది.

టీవీలు వచ్చాక మావయ్య కొట్టు యాంటెన్నాల కొట్టైంది. మేడల మీద యాగీలు, అంటే ఆ టీవీ యాంటెన్నాలు, బిగించడం, "వచ్చిందా" అని అరవడం, అవన్నీ అందరి జ్ఞాపకాల్లో ఉన్నవే. ఆయనకి డబ్బులు వచ్చాయి గానీ మనసు మాత్రం ఎప్పుడూ రేడియోదే.

నాకు విజయనగరంలోనే లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. దాసన్నపేటలో ఇల్లు. విశాఖ ఎఫ్ఎం 102 మెగాహెర్ట్జ్ మొదలయ్యాక మేడ మీద దానికో డైపోల్ పెట్టాను. ఎఫ్ఎం తరంగం మూడు మీటర్లే కాబట్టి మొత్తం మీటరున్నర లోపు అల్యూమినియం గొట్టాలు చాలు. అప్పుడు నేను చేసిన తప్పు గురించి చెప్పాలి. ఎందుకంటే ఇలాంటివి చేసేవాళ్ళు ఇప్పటికీ ఇదే తప్పు చేస్తున్నారు. గొట్టాల కొలతకి రెండు రోజులు పెట్టాను. కేబుల్ మాత్రం ఒక కొట్లో చౌకగా వస్తోందని ముప్పై మీటర్లు కొన్నాను. మొదటి ఏడు బాగానే వినిపించింది. వానాకాలం పోయాక గొంతు వెనక సన్నటి హిస్ మొదలైంది. ఒక నెలకి మొత్తం అదే అయిపోయింది. నేను గొట్టాలు తుడిచాను, దిక్కు మార్చాను, ఎత్తు పెంచాను.

ఆ సమయంలోనే మావయ్య కంటి శుక్లాల ఆపరేషన్‌కి మా ఇంటికి వచ్చాడు. ఒక కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని, మెట్ల మీద నా భుజం పట్టుకుని మేడ ఎక్కాడు. యాంటెన్నా వైపు చూడనే లేదు. కేబుల్ కొస చేతితో తడిమి, "ఒక అడుగు కోయి" అన్నాడు. కోశాను. అల్లిక నల్లగా ఉంది. "ఇంకో అడుగు." నల్లబడిన రాగి మీద పచ్చటి చిలుము. "ఇంకో అడుగు." నాలుగు గజాలు కోసినా ఎర్రటి రాగి కనబడలేదు. పై కొసని నేను తెరిచి వదిలేశాను. దీపంలో వత్తి నూనె పీల్చినట్టు ఆ అల్లిక వాన నీటిని కిందికి పీల్చుకుంటూ పోయింది. పైగా అది పలచటి అల్లిక, సందుల్లోంచి లోపలి తెలుపు కనిపిస్తోంది.

మీడియం వేవ్ దగ్గర కేబుల్ తినేది లెక్కలోకి రాదు. ఎఫ్ఎం దగ్గరికి వచ్చేసరికి వస్తుంది. 100 మెగాహెర్ట్జ్ దగ్గర ముప్పై మీటర్ల ఆర్‌జీ 58 మంచిదైనా సరే అయిదు డెసిబెల్స్ దాకా తింటుంది. పైన పట్టినదానిలో మూడో వంతే కిందికి దిగుతుంది. అదే పొడవు ఆర్‌జీ 6 అనే కేబుల్ రెండు డెసిబెల్స్ చుట్టుపక్కల తింటుంది, దాదాపు మూడింట రెండొంతులు మనకి చేరుతుంది. నీళ్ళు తాగిన కేబుల్ సంగతి చెప్పక్కర్లేదు. ఎఫ్ఎంకి ఇంకో గుణం ఉంది. బలం ఒక హద్దు పైన ఉన్నంత సేపూ నిర్మలంగా వినిపిస్తుంది, ఆ హద్దు దిగిందంటే ఒక్కసారిగా కూలిపోతుంది. విజయనగరంలో మా మేడ మీద అది సరిగ్గా ఆ హద్దు మీద నడుస్తోంది.

కొత్త ఆర్‌జీ 6 తెచ్చాను. మావయ్య కుర్చీలో కూర్చుని చెప్తూ ఉంటే నేను చేశాను. 75 ఓముల కేబుల్, 73 ఓముల డైపోల్, అతుకు బాగా కుదిరింది. పై కొసన మైనం, దాని మీద టేపు, మళ్ళీ మైనం. ఇంట్లోకి వచ్చే చోట కేబుల్‌ని కిందికి ఒక వంపు తిప్పి తర్వాత పైకి తీసుకోవాలి, అప్పుడు జారే వాన నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. సాయంత్రం పాటలు పెట్టినప్పుడు ఆయన కట్టు ఉన్న కంటిని కూడా మూసుకున్నట్టు తల వెనక్కి వాల్చి విన్నాడు. ఆయన మా ఇంట్లో ఉన్న ఆఖరిసారి అదే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. మా తమ్ముడు ఊళ్ళోనే ఉంటాడు. ఫోను మోగదు, టవర్లు లేవు, కరెంటు లేదు. ఆ రోజులన్నీ నా మనసులో పదకొండో నెంబరు ఎగురుతూనే ఉంది. పధ్నాలుగో తారీకు నాటికి, పడిన చెట్లు కోసి దారి చేసుకుంటూ పోతున్నవాళ్ళ వెనకే వెళ్ళి ఊరు చేరాను. నా సంచిలో మందులు, బిస్కట్లు, ఒక ట్రాన్సిస్టరు, ఎనిమిది సెల్లులు.

ఇల్లు నిలబడింది, తమ్ముడి కుటుంబం క్షేమం. పెరటి వైపు వెళ్ళాను. కొబ్బరి తోట లేదు. దువ్వెన పళ్ళు విరిచినట్టు అన్ని చెట్లూ ఒకే దిక్కుకి పడి ఉన్నాయి. మావయ్య తీగ కట్టిన రెండూ అందులో ఉన్నాయి. ఒకదాని మొవ్వుకి చాలా కిందగా, మానుని అంటుకుని పింగాణీ బుడిపె కనిపించింది. దాన్ని దాటి చెట్టు పైకి పెరిగింది. నేను అక్కడే కూలబడ్డాను.

రేడియో పెట్టాను. ఈ పదేళ్ళలో మీడియం వేవ్ ఎలా అయిందో వినేవాళ్ళకి తెలుసు. ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు, ఇన్వర్టర్లు, ఒక్కొక్కటీ ఒక చిన్న పిండిమిల్లే. ఆ రోజు జిల్లాలో సగానికి కరెంటు లేదు. డయలు తిప్పితే స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య నేను చిన్నప్పుడు విన్న నిశ్శబ్దం ఉంది. కానీ విశాఖ సన్నగా ఉంది. చుట్టూ చేరినవాళ్ళకి అందేంత లేదు.

చూరు కింద మావయ్య మేకులు కొట్టి బిగించిన కేబుల్ అలాగే ఉంది. ఎండ తగలని చోటు కాబట్టి తొడుగు చిట్లలేదు. తోట వైపు కొసన మసిబారిన హార్లిక్స్ మూత. మైనం రాయిలా గట్టిపడింది. చాకుతో చెక్కి కేబుల్ కొస బయటికి తీశాను.

అల్లిక ఎర్రగా ఉంది. నలభై ఏళ్ళ నాటి రాగి, నిన్న కోసినట్టు మెరుస్తోంది.

తాటిచెట్లు నిలబడ్డాయి. తమ్ముడి కొడుకు ఒక తాటిచెట్టు మీదుగా తాడు విసిరి తీగ లాగాడు. నుయ్యి గట్టు పక్కన ఇనప గొట్టం ఇంకా ఉంది. దాని తల గీకి అల్లిక కలిపాను. ట్రాన్సిస్టర్ మీద ఆరు చుట్లు చుట్టి గూట్లో, సుద్దగీత ఉండే చోట పెట్టాను. ఏ మండలానికి కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎక్కడ తాగునీళ్ళు ఇస్తున్నారో చెప్తున్నారు. వీధిలో వాళ్ళందరూ ఒక్కొక్కరే అరుగు ఎక్కారు.

"ఏటన్నాడు బాబూ?" అని అడిగింది చెవులు సరిగా వినబడని ఒక ముసలమ్మ.

ఒక్క అక్షరం పోకుండా చెప్పాను.